చుక్క ముందుకాళ్ళు ఎందుకు లేపేది

చుక్క అనే ఆడగుర్రాన్ని నేను దారిలో పెట్టానని పుదుచ్చేరిలో స్వారీ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం కాదు. కానీ దాన్ని దారి తప్పించింది కూడా నేనేనని చాలాకాలం బయటపెట్టలేదు. ఆ నింద వేరే మనిషి మీద పడింది. పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

అది 2022. కరోనా భయం తగ్గి, జనం మళ్ళీ బయటికొచ్చి కొత్త సరదాలు వెతుక్కుంటున్న కాలం. రెడ్డియార్‌పాళయం దాటి ఇళ్ళు పలచబడే చోట ఒక చిన్న గుర్రపుశాల ఉండేది. అందులో నేను స్వారీ శిక్షకుణ్ణి. గుర్రాలను కడిగి, మేపి, జీను వేసి సిద్ధం చేసే పని మునెయ్యది. ఆ పని చేసేవాళ్ళను సైస్ అంటారు. వయసులో నాకంటే పెద్దవాడు కాబట్టి మామా అని పిలిచేవాణ్ణి. ఇద్దరివీ తాతల కాలంలోనే ఈ ఊరు చేరిన తెలుగు కుటుంబాలు.

చుక్కకు అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. గోధుమరంగు ఒళ్ళు, నుదుట తెల్లని మచ్చ. దాన్ని కొన్నది కళ్యాణి గారు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభుత్వాధికారి. అప్పటికే స్వారీ కొంత తెలిసిన మనిషి. "మంచిగా తయారు చేసి ఇవ్వండి," అని గుర్రాన్ని నాకు అప్పగించారు.

పిల్ల గుర్రానికి మొదటి చదువు నేల మీదే. పొడవాటి తాడు కట్టి, మధ్యలో మనం నిలబడి, దాన్ని చుట్టూ తిప్పుతాం. నడుస్తున్నదాన్ని ట్రాట్‌లోకి, అంటే ఎగిరెగిరి వేసే అడుగులోకి, మార్చాలంటే నాలుకతో చిన్న చప్పుడు చేస్తాం. దాన్ని క్లక్ అంటారు. పద్ధతిగా అయితే అది బుగ్గ పక్కనుంచి రావాలి. నాకు ఎన్నడూ అలా రాలేదు. నాలుక కొన పళ్ళ వెనక ఆనించి "చ్చొ" అని లాగడమే నా అలవాటు. చుక్కకు అదే నేర్పాను. ఆ చప్పుడు వినపడితే చాలు, ముందుకు కదిలేది. ఇంత చురుకైన గుర్రాన్ని చూడలేదని అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

కళ్యాణి గారు ఎక్కడం మొదలుపెట్టాక గొడవ వచ్చింది. నా కింద బుద్ధిగా నడిచే చుక్క, ఆమె ఎక్కితే కాసేపటికే బిగుసుకుపోయేది. తర్వాత రేర్ చేసేది, అంటే ముందుకాళ్ళు గాలిలోకి లేపి నిటారుగా నిలబడేది. గుర్రాల చెడ్డ అలవాట్లలో మేం బాగా భయపడేది దీనికే. వెనక్కి పడితే మనిషి గుర్రం కింద ఉంటాడు.

ఇలాంటప్పుడు మొదట నొప్పి ఉందేమో చూడాలి. పశువైద్యుడు వచ్చి పళ్ళు చూశాడు, వెన్ను నొక్కి చూశాడు. నేను జీను మార్చి చూశాను. ఏ లోపమూ దొరకలేదు.

"నా మీదే ఎందుకండీ దీనికి కోపం? మీరెక్కితే పిల్లిలా ఉంటుంది," అన్నారు కళ్యాణి గారు.

"మీరు పగ్గాలు బిగిస్తున్నారు మేడమ్. చెయ్యి వదులు చెయ్యండి."

"వదిలితే పరుగు లంకించుకుంటోందండి బాబూ. బుజ్జగించేకొద్దీ రెచ్చిపోతుంది. అచ్చం మా ఆయనే."

నేను నవ్వాను. ఎలా బుజ్జగిస్తున్నారని అడగాలని తట్టలేదు.

ఆ వారంలోనే ఆమె పడ్డారు. చుక్క పైకి లేచింది, ఆమె పక్కకు జారారు. మణికట్టు విరిగింది. చుక్క వెనక్కి పడకపోవడం మా అదృష్టం. మర్నాడు ఆమె భర్త, గుర్రపుశాల యజమాని, నేను ముగ్గురం కొట్టం ముందు నిలబడ్డాం.

"ఇది మనుషులెక్కే గుర్రం కాదండీ. పెళ్ళి ఊరేగింపుల వాళ్ళెవరికైనా ఇచ్చేద్దాం," అన్నారు ఆమె భర్త.

బ్యాండు మోతలో, టపాకాయల మధ్య చుక్క గతేమవుతుందో నాకు తెలుసు. జనాన్ని తొక్కుతుంది, లేదా తనే కాళ్ళు విరగ్గొట్టుకుంటుంది. దాని పుట్టుకలో దోషం లేదని చెప్పాలి. నా శిక్షణలో ఉందేమోనన్న ఆలోచన దగ్గరికి కూడా నేను వెళ్ళదల్చుకోలేదు.

"దీన్నెవరో కొట్టి ఉంటారు సార్. దెబ్బ తిన్న గుర్రమే ఇలా చేస్తుంది," అన్నాను.

"ఎవరు?" అన్నాడు యజమాని.

నేను పేరు చెప్పలేదు. కొట్టంలోకి చూశాను. అక్కడ మునెయ్య చేతిలో వేపమండ పట్టుకుని ఈగలు తోలుతున్నాడు. అది చాలింది.

"ఏంది సుబ్బూ, నేనా? ఈగలు తోలే మండతో యాడన్నా గుర్రాన్ని కొడతారా?" అన్నాడు మునెయ్య. "నువ్వు చెప్పబ్బా. నువ్వు చూస్తానే ఉండావు గదా దినమూ."

"నాకేం తెలుసు మామా," అని నేను జీను పట్టీ సర్దుతూ వంగాను. ఆ పూటే అతన్ని పనిలోంచి తీసేశారు. చుక్కను సరిచేయడానికి నాకు కొంత గడువిచ్చారు.

అప్పటికి నా మాట నిజం కావచ్చనే అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా కూడా ఉంది. అది ఎంతో కాలం నిలవలేదు. గడ్డి మోపులు తెచ్చే ముత్తమ్మ ఒకరోజు కట్టేసి ఉన్న చుక్క ముందు ఆగి, దాని మూతి చూసి జాలిపడింది.

"చ్చొచ్చొచ్చొ, పావం, ఎట్ట వాడిపోయిందే నా తల్లి."

చుక్క ఒక్కసారిగా ముందుకు దూకింది. తాడు బిగిసి ఆపింది. ముందుకాళ్ళు పైకి లేచాయి.

ముత్తమ్మ మోపు వదిలేసి వెనక్కి జరిగింది. "ఏంది సామీ ఇది? పావం అన్నందుకా?"

నేను తాడు వదులు చేసి చుక్క మెడ నిమిరాను. సాయంత్రం కళ్యాణి గారింటికి వెళ్ళి, గుర్రం బెదిరినప్పుడు ఏమని బుజ్జగించేవారని అడిగాను.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఆమె వింతగా చూశారు. "ఏమంటానండీ? మెడ మీద రాసి, చ్చొచ్చొ, ఏం లేదమ్మా, అంటాను. దూడకైనా పసిపిల్లకైనా మావాళ్ళు అంతే కదా."

మన ఇళ్ళలో జాలికి చేసే చప్పుడునే నేను చుక్కకు పరుగు చప్పుడుగా నేర్పాను. ఆమె జాలిపడ్డ ప్రతిసారీ అది ముందుకు కదిలింది. భయపడి ఆమె పగ్గాలు లాగారు. నోరు పొమ్మంటోంది, చెయ్యి వద్దంటోంది. మధ్యలో చిక్కిన ఆ పిల్లకు పైకి లేవడం తప్ప వేరే దారి లేదు.

అక్కడే చెప్పి ఉండాల్సింది. "కొట్టినవాళ్ళు ఆ చప్పుడు చేసి ఉంటారు మేడమ్, అందుకే దానికి బెదురు," అన్నాను.

దాన్ని సరిచేయడం కష్టం కాలేదు. "చ్చొ"ను పూర్తిగా మానేసి, కదలమనడానికి "పద" అనే మాట నేర్పాను. ఒళ్ళు రుద్దేటప్పుడు, మేత వేసేటప్పుడు మెల్లగా "చ్చొ" అంటూ, ఏ పనీ అడగకుండా భుజాల మీద గోకేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ చప్పుడు విన్నా చెవి మాత్రం ఇటు తిప్పి గడ్డి నములుకునేది. చెయ్యి నయమయ్యాక కళ్యాణి గారు మళ్ళీ ఎక్కారు. బిగుసుకుంటోందనిపిస్తే పగ్గాలు రెండూ లాగకుండా, ఒక పక్కకు మళ్ళించి చిన్న చుట్టు తిప్పమన్నాను. వానలు మొదలయ్యేలోగా చుక్క వదులు పగ్గాలతో మైదానమంతా తిరిగింది. దిగి ఆమె దాని మెడకు ముఖం ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఊరేగింపుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది నాకు.

అప్పటినుంచీ ఎవరికి గుర్రాన్ని అప్పగించినా ముందు వాళ్ళను మాట్లాడనిస్తాను. ఎలా ముద్దు చేస్తారు, ఎలా కసురుతారు, జాలిపడితే ఏమంటారు, అన్నీ విన్నాకే గుర్రానికి ఏ చప్పుడు నేర్పాలో తేల్చుకుంటాను. గుర్రం చేసే తప్పు చాలాసార్లు మనం చెప్పిందాన్ని సరిగ్గా వినడమే.

ఇది తెలిసిన వాణ్ణే అయినా, కొత్తగా చేరినవాళ్ళకు చుక్క కథ చెప్పినప్పుడల్లా దెబ్బలు తిన్న గుర్రం అనే చెబుతూ వచ్చాను. పోయిన ఏడాది అలా చెబుతుంటే కళ్యాణి గారు విన్నారు. అందరూ వెళ్ళాక, "కొట్టడం తప్పే గానీ, పాపం ఆ మునెయ్య గారు ఇప్పుడెక్కడున్నారో," అన్నారు.

మునెయ్య ఎక్కడున్నాడో నాకు తెలుసు. మేముండే సారం అనే పేటలోనే ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటున్నాడు. అటు వెళ్ళకుండా నేను వేరే వీధిలో తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. ఇంక ఆగలేక మొత్తం చెప్పేశాను.

ఆమె తన మణికట్టు వైపు చూసుకున్నారు. "నాకు ఒక చెయ్యే విరిగిందండీ, అతుక్కుంది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి," అన్నారు.

మునెయ్య గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నేను కొట్టలేదని నాకు తెలుసు గదబ్బా. నాకెందుకు చెప్తాండావు? ఇంట్లో చెప్పు. మనవరాలు మారాం చేసి ఏడిస్తే, మీ అత్త ఈపొద్దుకీ బిడ్డకీ నాకూ మధ్యలో వచ్చి నిలబడతాది."

అతను డ్యూటీ దిగాక నా బండి వెనక ఎక్కించుకుని ఒర్లియంపేటలో వాళ్ళింటికి పోయాను. ఇళ్ళ గడపలు ఎదురెదురుగా ఉండే సన్న సందు. మునెయ్య భార్య కాంతమ్మత్త గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను గుర్తుపట్టింది, రమ్మనలేదు.

"అత్తా, గుర్రాన్ని మామ కొట్టలేదు. తప్పుగా నేర్పింది నేను. ఆ సంగతి తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నన్ను మన్నించు," అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. మునెయ్య వైపు చూసింది. తర్వాత నా వైపు.

"ఆపొద్దు ఈ వీధంతా ఆయన్ను నోటికొచ్చినట్టు అనింది. నువ్వు నా చెవిలో చెప్తే ఎట్ట? ఎదురింటోళ్ళకి వినపడాల. గట్టిగా చెప్పు."

"సెరి, వదిలెయ్యవే," అన్నాడు మునెయ్య. కానీ అతను పక్కకు తప్పుకోలేదు.

నేను సందు మధ్యకు వచ్చి నిలబడి, మొదటినుంచీ మళ్ళీ, గొంతెత్తి చెప్పాను.