ఒకే పేరున్న నాలుగు లాప్‌టాప్‌లు

మా బావమరిది లాప్‌టాప్ కొనడంలో కమీషన్ తిన్నాడని కడియంలో అందరికీ చెప్పింది నేనే. అది అబద్ధం.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుకి ఒక మోడల్ కావాలంటే, అతను రాజమండ్రి వెళ్లి ఆ పేరున్నదే తెచ్చాడు. అందులో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ నడవలేదు. మా మొక్కల నర్సరీలో పనివాళ్ల ముందే అతన్ని దొంగ అన్నాను. అతను మా గుమ్మం తొక్కడం మానేశాడు.

తర్వాత దాన్ని మార్చుకుందామని నేనే ఆ షాపుకి వెళ్లాను. అదే పేరుతో నాలుగున్నాయి. ఒకదాని చివర ప్లస్, ఇంకోదాని చివర ప్రో, మిగతా రెండింటికీ అదీ లేదు. తేడా ఏంటని అడిగితే సేల్స్‌మన్ "అన్నీ ఒకటేనండి, కొంచెం వేరు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నాలుగు రకాల మామిడి అంట్లకి ఒకే పేరు కట్టి మేం లారీ ఎక్కిస్తే, కొన్నవాడు మమ్మల్నే పాతిపెడతాడు. ఈ కంపెనీవాళ్లు మాత్రం దాన్ని ఛాయిస్ అంటారు, సిగ్గులేకుండా. చివరికి ధర ఎక్కువున్నది చూసి మార్చుకున్నాను.

క్షమించమని అడగడానికి బావమరిది ఇంటికి వెళ్లాను. కూర్చోమనలేదు.

"ఇప్పుడు మీరు తెచ్చింది సరైనదేనా బావగారూ?"

"తెలీదయ్యా. అమ్మాయి ఇంకా చూడలేదు."

"అయితే మీకెంత ముట్టింది?" అని, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు.