పంజాగుట్ట వైపు ఆకాశం

మా హాస్టల్ ఓనర్ ఆంటీగారు పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. బాధ కాస్త సర్దుకున్నాక ఈ పత్రికకు రాయొచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. కుదరదు. డిసెంబరు ఉల్కలు వచ్చేస్తున్నాయి. మేడ మీద ఆవిడ చూసే దిక్కు తనకివ్వమని నా రూమ్మేట్ కవిత అప్పుడే అందరినీ అడిగింది. అది నాకు కావాలి.

మధురానగర్‌లోని మా హాస్టల్ మేడ మీద ఆంటీగారు ఏటా ఉల్కలు చూసేవారు. ఇష్టమున్నవాళ్లను పిలిచేవారు. పద్ధతి ఆవిడదే. నాలుగు చాపలు, తలలన్నీ మధ్యకి, కాళ్లు తలో దిక్కుకి. ఎవరి దిక్కు వాళ్లే చూడాలి. పక్కవాళ్లు "అదిగో!" అని అరిచినా మెడ తిప్పకూడదు. "తిప్పావా, వాళ్లదీ అందదు, నీదీ పోతుంది" అనేవారు.

కవితకు చెట్లున్న పడమర ఇచ్చారు. నాకు తూర్పు. అంటే అమీర్‌పేట మెట్రో, కోచింగ్ సెంటర్ల బోర్డులు. మా ఇంట్లో మొదట బడికి వెళ్లినదాన్ని నేనే. ఎవరైనా ఏదైనా నేర్పితే అది నాకొక్కదానికే నేర్పాలనిపించేది. కవిత "ఇంకోటి!" అన్నప్పుడల్లా కడుపు మండిపోయేది.

"ఆంటీ, గీ దిక్కు మొత్తం లైట్లే. నాకేం కనపడ్తది? కవితకేమో మంచిది ఇచ్చిండ్రు."

"ఏంటే, ఆకాశంలో కూడా వాటాల గొడవేనా?"

"పంచింది మీరే కదా!"

"దానికి కాసేపు ఏమీ కనపడకపోతే లేచి కిందికి పోతుంది. నువ్వు కుళ్లుకుంటూ అయినా తెల్లారేదాకా ఉంటావు."

"మస్తు చెప్పిండ్రు ఆంటీ!" అని కవిత పకపకా నవ్వింది.

అది పొగడ్తో తిట్టో నాకిప్పటికీ తేలలేదు. ఉండిపోయాను మాత్రం.

ఆ తెల్లవారుజామున మెట్రో లైను పైన ఆకుపచ్చగా ఒకటి జారింది. పిట్టగోడ నీడ మేడ మీద పడేంత వెలుగు. అరిచాను. ఆ ఒక్కసారి ఆంటీగారు మెడ తిప్పారు. అప్పటికే ఆరిపోయింది.

"ఎంత పొడవుందే?"

చేతులు చాపి చూపించాను.

"ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అంతది నాకొక్కటీ పడలేదు" అన్నారు.

ఆ గొంతులో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. ఆ తర్వాత చాలా రోజులు మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "ఏ రంగన్నావ్?" అని అడిగేవారు. చెప్పేదాన్ని. కాస్త దిగాక మళ్లీ ఆగి, "నిజంగా ఆకుపచ్చేనా?" అనేవారు. అంత పెద్దావిడ, చదువుకున్నావిడ, నన్ను చూసి కుళ్లుకున్నారు. నాకు అంత గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదు.

ఆవిడ తనకోసం ఉంచుకున్నది దక్షిణం, పంజాగుట్ట వైపు. మా నాలుగు దిక్కుల్లోనూ లైట్లు ఎక్కువున్నది అదే. ఎందుకలా అని నేనెప్పుడూ అడగలేదు.

చివరిచూపుకు వెళ్లినప్పుడు కవిత నాకన్నా ఎక్కువ ఏడ్చింది. అదీ ఓర్చుకోలేకపోయాను. దానికి ఆవిడ మీద ప్రేమ లేదనను. కానీ దానికి పడమర ఉంది కదా!

ఈ కాలనీ పత్రిక చదివేవాళ్లలో ఆ మేడ ఎక్కినవాళ్లు కొందరున్నారు. మీ అందరినీ అడుగుతున్నాను. కవితా, నిన్ను కూడా. దక్షిణం నాకివ్వండి. నా తూర్పు ఎవరైనా తీసుకోండి.

నిన్న చీకటి పడ్డాక మేడెక్కి ఆ వైపు తిరిగి నిలబడ్డాను. పంజాగుట్ట లైట్లకు ఆకాశం నారింజ రంగులో ఉంది. ఒక్క చుక్క కూడా లేదు. అయినా కిందికి రాబుద్ధి కాలేదు. డిసెంబరు పదిలోపు మీ జవాబు చెప్పండి.