సున్నా నంబరు గది

ఎనభైల చివర్లో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాళ్లం. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా, మసకగా, నీటి అడుగున ఉన్నట్టుండేది. నల్లని తెర మీద పచ్చటి అక్షరాలు మెల్లగా తేలి వచ్చేవి.

ఒకరోజు ఐదు రోజుల ఎండ వేడిని ఒకే పేరు కింద వరుసగా దాచే ప్రోగ్రాం రాశాను. ఆ వరుసను అరే అంటారు. అందులో కంప్యూటర్‌ను ఐదు గదులు అడిగి, ఒకటో నంబర్ నుంచి ఐదో నంబర్ దాకా నింపాను. మొత్తం చూపించమంటే మొదట్లోనే అర్థం లేని పెద్ద సంఖ్య వచ్చింది.

మా సారు వెనక నిలబడి చూశాడు. "మొదటి గది నంబర్ సున్నా అమ్మా. ఐదు గదులుంటే ఆఖరుది నాలుగు. నువ్వు సున్నాను ఇడిచిపెట్టి, లేని ఐదు నంబర్ గదిల పెట్టినవ్."

"సున్నాల నేనేం పెట్టలేదు గద సార్. అదెందుకు లెక్కకు రావాలె?"

"నువ్వు పెట్టకున్నా గది ఉన్నది. దాన్ని కలుపుకునే వరుస పొడవు ఐదు."

ఆ ఆదివారం పాసింజర్ బండిలో కేసముద్రం దగ్గరి మా ఊరికి పోయాను. మధ్యాహ్నం అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ, "ఏం నేర్పుతాండ్రు బిడ్డా?" అని అడిగింది. సున్నా నంబరు గది సంగతి చెప్పాను.

"ఏం లేని అర్ర గూడ లెక్కకొస్తదా?"

"వస్తదమ్మా."

అమ్మ చేతులు ఆగిపోయాయి. చింతపండు పక్కకు జరిపి అంది, "మీ అన్నకంటె ముందు ఒక ఆడపిల్ల ఉండె. పదకొండు దినాలు బతికింది."

అన్న, నేను, తమ్ముడు. ముగ్గురమే అనుకుంటూ పెరిగాను.

"పేరేం పెట్టిండ్రు?"

"ఇర్వై ఒకటో దినం పెడ్దామనుకున్నం. యాది చెయ్యకుమన్నడు మీ నాయిన. యాది చేస్తే నేను బతకనని ఆయన భయం."

వేపనీడ అరుగు మీదికి జరిగేదాకా ఆ పాప గురించి చెబుతూనే ఉంది. జుట్టు ఒత్తుగా ఉండేదట. దీపం వైపే చూసేదట. నిద్రలో వినిపించే మాటల్లా అవన్నీ నాలోకి దిగాయి.

తరవాతి జాతరకు మేడారం వెళ్లినప్పుడు దేవతలకు ఇచ్చేందుకు అమ్మ మా ముగ్గురి పేరున కొన్న బెల్లంతో పాటు ఇంకో చిన్న ముద్ద కొంది. అది ఎవరిదని నాన్న అడగలేదు. జనంలో నలగకుండా గుండెకు ఆనించుకుని, అమ్మవార్ల గద్దె దాకా తానే మోసుకెళ్లాడు.