మేడం గారు చూసిన మొరే ఈల్

మా జువాలజీ మేడం గారు పోయిన గురువారం ఉదయం రాజమహేంద్రవరంలో కన్నుమూశారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త చూసేసరికి నేను స్టాఫ్‌రూములో జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఇక ఆ పూట దిద్దలేకపోయాను.

కాలేజీలో ఆవిడ మాకు చేపల పాఠాలు చెప్పేవారు. సుద్దముక్క ఎత్తకుండా ఒక్క గీతలో బోర్డు మీద మొరే ఈల్ బొమ్మ వేసేవారు. పగడపు దిబ్బల్లో, రాళ్ల సందుల్లో ఉండే పాములాంటి చేప అది. మ్యూజియం గదిలో ఒక సీసాలో ఉండేది, రంగంతా పోయి, వెలిసిన గుడ్డపేలికలా. ప్రాక్టికల్స్ రోజున ఆ సీసాని ఆవిడే స్వయంగా తుడిచేవారు. "ఇదే మొరే ఈల్ అనుకోకండర్రా, ఇది దాని శవం" అనేవారు. నాకు ఇప్పటికీ పనికొచ్చే మాట ఇంకొకటుంది: "చూడకుండా భయపడకండి. చూశాక భయపడితే నేనేమీ అనను."

ముప్పై ఏళ్లు ఆ పాఠం చెప్పి రిటైరయ్యారు గానీ, ప్రాణంతో ఉన్న మొరే ఈల్‌ని ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి నాతో కొంచెం సిగ్గుపడుతూ చెప్పారు.

నేను కాకినాడ దగ్గర తీరంలో ఒక బడిలో టీచర్ని. కిందటేడు ఒక ఆదివారం, చేపల వేటకెళ్లే ఒకాయన, మా విద్యార్థిని తండ్రి, ఫోన్ చేశాడు.

"టీచర్ గారండీ, రాళ్ల కాడ ఏసిన వలలో పాముచేప పడిందండి. మావోళ్లు కొట్టి చంపేద్దామంటున్నారు. మా అమ్మాయి ఒకటే గోల, మీకు చెప్పమని."

డ్రమ్ములో సముద్రపు నీళ్లు పోసి ఉంచమని, నీళ్లు మారుస్తూ ఉండమని చెప్పి మేడం గారికి ఫోన్ చేశాను. ఆవిడకి గుండె ఆపరేషన్ అయ్యి ఆర్నెల్లు కాలేదు. "మీరు రాకండి మేడం, వీడియో పంపుతాను" అన్నాను.

"బయల్దేరుతున్నా. నువ్వు దాన్ని బతికించు" అని పెట్టేశారు.

చర్చి నుంచి నేరుగా తెల్లచీరలో వచ్చి కారు దిగారు. నీలం డ్రమ్ము చుట్టూ జనం మూగారు. ఒక పెద్దాయన తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"చూడండమ్మా, కరవడానికి ఎలా నోరు తెరుస్తుందో."

"కరవడానికి కాదండి, ఊపిరి కోసం. అలా తెరిచి మూస్తేనే నీళ్లు మొప్పల్లోకి వెళ్తాయి" అన్నారు మేడం గారు. డ్రమ్ములోకి తొంగిచూస్తూ, "చెయ్యి పెడితే మాత్రం కరుస్తుంది. నేను కూడా పెట్టను" అన్నారు.

అందరూ నవ్వారు. ఆవిడ పాఠం మొదలుపెట్టేశారు. దానికి గొంతులో రెండో దవడ ఉంటుందనీ, నోటికి చిక్కిన చేపని అది ముందుకొచ్చి లోపలికి లాగేస్తుందనీ చెప్పారు. చూపు మందమట, వాసనే దానికి దారట. పొలుసులుండవు, ఒంటి జిగురే కవచం. పిల్లప్పుడు గాజురేకులా, అవతలివైపు కనిపించేంత పల్చగా, నెలల తరబడి సముద్రంలో కొట్టుకొస్తుందట.

పెద్దాయన తెడ్డు కింద పెట్టేశాడు. "ఇన్నేళ్లు వేటాడానండి, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ తర్వాతి నెలల్లో ఇలాంటివే ఇంకో రెండు వలలో పడితే వాళ్లంతట వాళ్లే వదిలేశారు.

ఆ రోజు దాన్ని వదలడానికి, కెరటాలకి అడ్డంగా వేసిన బండరాళ్ల దాకా ఆ డ్రమ్ముని పెద్దాయనా, మా విద్యార్థిని తండ్రీ మోశారు. నేను మేడం గారి చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నారు. డ్రమ్ము వంచగానే లేత పసుపు ఒంటి మీద నల్లమచ్చలు మెరిశాయి. అంతే, రాళ్ల సందులోకి జారిపోయింది.

"వెళ్లిపోయిందండి" అన్నాడు పెద్దాయన.

"ఉండండి" అన్నారు మేడం గారు.

తెల్లచీర మోకాళ్ల దాకా తడుస్తున్నా బండ మీద కూర్చుని ఆ సందు వైపే చూస్తున్నారు. కాసేపటికి కన్నంలోంచి తల బయటికొచ్చింది. మేడం గారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు.

"చూశానే" అన్నారు, పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లలా.

కెరటం వచ్చి రాయిని ముంచింది, వెనక్కి పోయింది. తేటపడిన నీళ్ల కింద ఆ మచ్చల తల అక్కడే ఉంది, నోరు తెరుస్తూ, మూస్తూ.