బావ బేకరీలో నల్ల కేకు

కేకు ఎంత నల్లగా ఉంటే అంత బాగుంటుందని మా ఇంట్లో పిల్లలు అంటుంటే నేను అక్కణ్నుంచి లేచిపోతాను. ఆ రంగు చూడగానే నోట్లో నీళ్లూరే మాట నిజమే. అవి వాంతికి ముందు ఊరే నీళ్లు.

ఎనభైల చివర్లో ఇంటర్ పరీక్షలు రాసి కుకునూరుపల్లిలో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా అక్కను సిద్దిపేటలో ఇచ్చారు. బావకు అక్కడ బేకరీ ఉంది. ముందు దుకాణం, దాని వెనక బట్టీ, ఆ వెనక రెండు గదుల్లో కాపురం. అక్క కూతురి మొదటి పుట్టినరోజు వస్తోందని పనికి తోడుగా నన్ను పిలిపించుకున్నారు.

మిగతా బేకరీల్లో కేకులు పసుపుపచ్చగానే ఉండేవి. బావ అద్దాల బీరువాలో మాత్రం నల్ల కేకు ఉండేది. తడిసిన రేగడి నేలను ముక్కలు కోసి పెట్టినట్టు నిగనిగలాడేది. చింతమడక నుంచి వచ్చినవాళ్లు కూడా ‘గా నల్లది ఇయ్యి’ అని వేలు పెట్టి చూపించేవారు. నేనైతే అక్కింటికి వచ్చినప్పుడల్లా రెండు ముక్కలు తినకుండా కదిలేదాన్ని కాదు. ఆ రంగు ఎట్లా వస్తుందని అడిగితే బావ నవ్వి ఊరుకునేవాడు.

పనివాడు రాని ఒక మధ్యాహ్నం బావ నన్ను బట్టీ దగ్గరికి పిలిచాడు. బల్ల కింది నుంచి మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్మొకటి బయటికి జరిపాడు. మూత తీయగానే పుల్లటి కంపు గుప్పున కొట్టింది. లోపల నీళ్లలో నానుతున్నవి అమ్ముడుపోక మిగిలిన కేకులు, ఎండిపోయిన బన్నులు, ట్రేల అడుగున మాడితే గీకిన పెచ్చులు. పైన తెల్లటి బూజు తేలుతోంది. బావ ఆ బూజును చేత్తో పక్కకు నెట్టి, ముద్దలు తీసి, గట్టిగా పిండి తట్టలో వేస్తున్నాడు. ఒక ముద్దలోంచి బొద్దింక కాళ్లు బయటికొచ్చాయి. దాన్ని రెండు వేళ్లతో లాగి గోడకేసి కొట్టి, అవే వేళ్లతో మళ్లీ పిసకడం మొదలుపెట్టాడు.

“గా చక్కెర ఇనుప మూకుట్ల పొయ్యి. పొగొచ్చేదాంక మాడని” అన్నాడు.

చక్కెర కరిగి, ఎర్రబడి, నల్లబడి, కళ్లు మండే పొగ లేచింది. దాంట్లో నీళ్లు కొట్టి ఆ నల్లటి పాకాన్ని తట్టలో గుమ్మరించాడు. మైదా, వనస్పతి, గుడ్లు కలిపాడు. కోకో పొడి చిటికెడు మాత్రం పైన చల్లాడు.

“గిది వాసన కోసం. రంగంత మాడు చక్కెరదే” అంటూ వేలు నాకి, ఇంకో వేలు నా ముందుకు చాచాడు. “చూడు, తీపి సరిపోయిందా?”

నేను నల్లా దగ్గరికి పరుగెత్తి పొద్దున తిన్నదంతా కక్కాను. ఇన్నేళ్లుగా తిన్న ముక్కలన్నీ గొంతులోకి వచ్చినట్టే ఉంది. బావ వెనక నుంచి నవ్వుతున్నాడు.

“బట్టీల వడ్డంక అన్ని సచ్చిపోతయే పిల్లా. గింత దానికి ఏందిది?”

పోయి అక్కకు చెప్పాను. పాపకు తల దువ్వుతున్న అక్క తలెత్తలేదు.

“నాకు తెలుసు. మెల్లగ మాట్లాడు, ముంగట గిరాకున్నది” అంది.

“తెలిసి నాకు పెట్టినవా అక్కా?”

“నువ్వే అడిగి తింటివి గద. నేనెన్నడన్న తిన్నానా, చూసినవా?”

నిజంగానే అక్క తినగా నేనెప్పుడూ చూడలేదు. పంటి నొప్పేమో అనుకునేదాన్ని. బొద్దింక కంటే ఆ మాటే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

పుట్టినరోజుకు అక్క ఒక ఏర్పాటు చేసింది. ఇంట్లోవాళ్ల కోసం నేను వేరే కేకు చేయాలి. వచ్చేవాళ్లకు డ్రమ్ములోది. రెండూ ఒకే రంగులో ఉండాలి, లేకపోతే అడుగుతారు. బావ బట్టీలో పెట్టడానికి నా మనసొప్పలేదు. కుక్కర్ రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఇసుక పోసి వేడిచేశాను. చక్కెరను మాడనీయకుండా ముదురు రంగు దాకా కాచి, చిక్కటి కాఫీ డికాషన్ పోసి, బావ డబ్బాలో కోకో సగానికి పైగా వేశాను. కేకు బాగానే పొంగింది, బావ దానికి ఏమాత్రం తీసిపోని నలుపు వచ్చింది. ఆ రంగు చూసి నా చేతి కేకే నేను రుచి చూడలేకపోయాను.

సాయంత్రం పాప చెయ్యి పట్టుకుని నా కేకే కోయించారు. పాప నోట్లో ఇంత పెట్టాక, ముక్కలు చేసి పళ్లేలలో సర్దమని రెండు కేకులూ లోపలికి పంపారు. పక్కింటి చాచి తన మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని గుమ్మం దగ్గరే ఉంది. ఆ పిల్ల నా చేతుల వైపే చూస్తోంది. డ్రమ్ములో తేలిన బూజు నా కళ్ల ముందుకొచ్చింది. నా కేకంతా వచ్చినవాళ్ల పళ్లేలలో పెట్టేశాను. డ్రమ్ముది బావకూ అక్కకూ పెట్టాను.

“మంచిగ చేసినవ్ బేటీ” అంది చాచి.

బావ కూడా పెద్ద ముక్క నోట్లో వేసుకున్నాడు. “నీ చెయ్యి మంచిదే. నా దానికంటె మెత్తగున్నది” అన్నాడు. అక్క కూడా నమ్మకంగా తినేసింది.

అందరూ వెళ్లాక చెప్పాను. “మీరు తిన్నది డ్రమ్ముల కేకు.”

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నల్లా దగ్గరికి పరుగెత్తింది. చాలాసేపు కక్కింది. నేను పోయి వీపు నిమరలేదు. బావ మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

“చూసినవా మరి? నేను చెప్తనే ఉన్న. నాకే తెల్వలేదు, గిరాకీలకేం తెలుస్తది?”

మిగిలిన ముక్క కూడా తీసుకుని తింటూ దుకాణంలోకి వెళ్లిపోయాడు. నేనేదో బుద్ధి చెప్పాననుకుంటే, తన సరుకు మీద అతనికి నమ్మకం ఇంకా పెరిగింది.

మర్నాడు కుకునూరుపల్లి బస్సెక్కడానికి బయల్దేరినప్పుడు అక్క గల్లా దగ్గర కూర్చుని ఎవరికో నల్ల కేకు తూస్తోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. “పోయొస్తా” అంటే తలూపింది, చెయ్యి ఆపలేదు. బావ బస్సు దాకా వచ్చి, మా అమ్మకియ్యమని నూనె మరకల కాగితంలో కేకు పొట్లం నా ఒళ్లో పెట్టాడు. బస్సు ఊరు దాటగానే దాన్ని కిటికీలోంచి విసిరేసి, వేళ్లకంటిన జిడ్డును ఇల్లు చేరేదాకా సీటుకు తుడుస్తూనే ఉన్నాను.