ఆముదపు మచ్చ మీద అస్తరు

హిందూపురంలో ఇళ్ల లోపలి గోడలకు రంగులు వేసి బతికినవాణ్ణి నేను. జనం చూసేది పైపూతనే. రంగుకు ముందు గోడకు పట్టించే పూత ఒకటుంటుంది. మా పనిలో దాన్ని అస్తరు అంటారు. కొత్త సున్నపు గోడకు ఒక రకం, పొగచూరిన వంటింటికి ఇంకో రకం, చెమ్మ దిగే గోడకు మరో రకం. గోడను తట్టి చూసి, తడిచేత్తో రుద్ది, ఏది పడుతుందో తేల్చుకున్నాకే కుంచె పట్టుకోవాలి. అక్కడ పొరపాటు జరిగితే రంగు మొదటి వానాకాలానికే పొట్టు పొట్టుగా రాలిపోతుంది.

నా భార్య ధర్మవరం పిల్ల. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. పెళ్లయి హిందూపురం వచ్చిన కొత్తలో ఒకనాడు నేను జిగురు పలుకులు నానబెట్టి, కరిగించి, సుద్దపిండిలో కలుపుతుంటే పక్కన కూచుని చూసింది.

"గోడకు ఇదెందుకు?" అంది.

"ఇది లేకుంటే గోడ రంగునంతా తాగేస్తాది. ఒక చోట ముదురు, ఒక చోట లేత. చూసేదానికి బాగుండదు."

ఆమె నవ్వింది. "మా ఇంట్లో పడుగుకు గంజి పట్టిస్తారు. నువ్వు గోడకు పట్టిస్తాండావు. ఇంతదానికి అంత పెద్ద మొగం పెట్టుకున్నావే!"

ఆనాటి నుంచి జిగురు కాచే పని ఆమె తీసుకుంది. పశువుల తోళ్ల నుంచి తీసిన జిగురు అది, ఆ వాసన మనుషులు ఓర్చుకునేది కాదు. ముక్కుకు తుండుగుడ్డ చుట్టుకుని, కుండ ముందు కూచుని, పుల్లతో తిప్పుతూ ఉండేది. నేను పని నుంచి వస్తే ఈతమట్ట కుంచెలను లాక్కుని తనే కడిగేది. నేను కడిగితే కుంచె మొదళ్లలో సున్నం మిగిలిపోతుందని ఆమెకు నమ్మకం.

మేముండేది బెల్లం మండీల వెనక ఒక చిన్న ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు ఒక పంచ. పాప పుట్టాక ఆమె గదిలో కిటికీ పక్కన, గోడకు ఆనుకుని కూచుని పాలిచ్చేది. తలకు ఎప్పుడూ ఆముదం దండిగా పెట్టుకునేది. రోజూ ఒకే చోట తల ఆనించడంతో గోడ మీద అరచేయంత మచ్చ పడింది. మొదట పసుప్పచ్చగా ఉండి, పోనుపోను ముదిరింది.

"ఊరందరి గోడలు బాగు చేసేవాని ఇంట్లో గోడ ఇట్లుండాది చూడు" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి.

"ఉండనీలే. నాది అని గుర్తు" అనేది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక వానాకాలం నేను పెనుకొండలో ఒక వ్యాపారి ఇంట్లో పని చేస్తున్నాను. ఆమెకు జ్వరమని పక్కింటాయన రైలెక్కి వచ్చి చెప్పాడు. అదే బండి తిరుగు ప్రయాణంలో ఇంటికొచ్చాను. వైద్యుడు సన్నిపాత జ్వరమన్నాడు. అప్పటికే ఆమెకు మనుషులు ఆనడం లేదు. ఒక్కసారి మాత్రం నన్ను గుర్తుపట్టింది. నా చేతులు చూసి, "కుంచెలు కడిగినావా?" అని అడిగింది. కడిగాను అన్నాను. నిజానికి కుంచెలు పెనుకొండలోనే వదిలేసి వచ్చాను. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. మరునాటి పొద్దుకు పోయింది.

పాప అప్పుడప్పుడే మాటలు నేరుస్తోంది. దాన్ని చూసుకోవడానికి ధర్మవరం నుంచి మా అత్త వచ్చింది. ఆమెకు ఉన్నది ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు మగ్గం చూసుకుంటున్నాడు. కూతురు ఇట్లా పోయింది. వచ్చిన నాటి నుంచి ఆమె కంట నీళ్లు పెట్టింది నేను చూడలేదు. వంట చేసేది, పాపకు నీళ్లు పోసేది, పంచలో చాప వేసుకుని పడుకునేది. గదిలోకి మాత్రం అడుగుపెట్టేది కాదు. అల్లుడుండే గది అని మొహమాటం కాబోలు అనుకున్నాను.

నా సంగతి వేరు. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ మచ్చకు ఎదురుగా కూచునేవాణ్ణి. మొదటి నెలల్లో ముక్కు దగ్గర పెడితే ఆముదం వాసన వచ్చేది. తర్వాత వాసన పోయింది, మచ్చ మిగిలింది. పాపను ఒళ్లో పెట్టుకుని, "మీ అమ్మ ఆడ కూచునేది, నీకు పాలిచ్చేది" అని చూపించేవాణ్ణి. అది చిన్న చేత్తో మచ్చను తట్టేది.

ఒకరోజు నేను ఇంటికి వచ్చేసరికి అత్త పంచలో స్తంభానికి ఆనుకుని కూచుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. పాప నిద్రపోతోంది.

"ఒళ్లు బాగలేదా అత్తా?" అన్నాను.

ఆమె గది వైపు చెయ్యి చూపించి అంది: "అప్పా, ఆ గదిలో గోడకు రంగు వెయ్యి."

"ఇప్పుడెందుకు?"

"ఆ మచ్చ ఉండకూడదు. నువ్వు దాన్ని చూసి బతుకుతాండావు. నాకు తెలుసు. నేను దాన్ని చూస్తే సచ్చిపోతాండా. అందుకే గదిలోకి రాను."

నాకు కోపం వచ్చింది. "ఆమెది అని మిగిలింది అదొక్కటే. దాన్ని కూడా తీసెయ్యమంటావా?"

"నా బాధ అయితే పంచలోనే ఉండి ఓర్చుకుందును. ఈ పొద్దు పాపకు అన్నం పెడతావుంటే, ముద్ద చేతిలో పట్టుకుని గదిలోకి పరిగెత్తింది. ఏమి చేస్తాందో అని గది వాకిట్లో నిలబడి చూస్తి. ఆ ముద్ద తీసకపోయి గోడకు పెడతాంది. 'అమ్మా, తిను, అమ్మా, తిను' అంటాంది. అప్పా, ఆ బిడ్డ గోడను అమ్మ అనుకుంటాండాది."

నేను లేచి గదిలోకి వెళ్లి చూశాను. మచ్చ మీద ఎండిపోయిన మెతుకులు అంటుకుని ఉన్నాయి. కింద చీమలు చేరాయి.

ఆ మెతుకులను గోరుతో ఒక్కొక్కటే తీస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను. బయటికి వచ్చి, "వేస్తాను అత్తా" అన్నాను.

ఆముదం తాగిన గోడ మొండిది. దాని మీద సున్నం నిలవదు. జిగురు అస్తరు వేసినా, ఆరినాక నూనె మళ్లీ పైకి తేలుతుంది. లక్క పలుకులను స్పిరిటులో కరిగించి పూస్తేనే నూనె లోపలే ఆగిపోతుంది. పెద్ద ఇళ్ల వంటగదుల్లో ఎన్నోసార్లు ఆ పని చేశాను. యుద్ధం వల్ల అంగళ్లలో స్పిరిటు దొరకడం లేదు. పెనుకొండలో బీరువాలకు మెరుగుపెట్టే ఆచారి ఒకాయన దగ్గర ఉందని తెలిసి వెళ్లాను. నేనూ ఆయనా ఇంతకు ముందు కలిసి పని చేసినవాళ్లమే.

"ఎవరింటికప్పా?" అని అడిగాడు.

"మా ఇంటికే" అన్నాను.

ఆయనకు సంగతి తెలుసు. ఇంకేమీ అడగకుండా సీసా నింపి ఇచ్చాడు. లేవడమే కష్టమైన ముసలాయన, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

ఆ వారం సంత రోజు పనికి పోలేదు. చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో ముందు గోడ కడగాలి. గుడ్డ ముంచి మచ్చ దగ్గరికి తీసుకుపోయాను. ఎన్ని ఇళ్లలో, ఎవరెవరి తలల మరకలు కడిగానో! వాటి వెనక మనుషులుంటారని ఒక్కనాడూ తట్టలేదు.

వెనక నుంచి, "నిలబడప్పా" అని వినిపించింది.

అత్త గడప దాటి లోపలికి వచ్చింది. పాపను చంకలో ఎత్తుకుని ఉంది. పాపను కింద దింపి, కూతురు కూచునే చోటే కూచుంది. తల వెనక్కి వాల్చింది. తల్లీ కూతుళ్లది ఒకే పొడవు. ఆమె నెరిసిన జుట్టు సరిగ్గా ఆ మచ్చ మీద ఆనింది.

అప్పుడు ఏడ్చింది. ఇన్ని నెలలు ఆపుకున్నదంతా ఏడ్చింది. "నా తల్లీ, నన్ను ముందు పోనీకుండా నువ్వు పోతివే" అని గోడకు తల రుద్దుకుంటూ ఏడ్చింది. నేను గుడ్డ చేతిలో పట్టుకుని, నీళ్లు మోచేతికి కారుతుంటే, అట్లే నిలబడి ఏడ్చాను. పాప మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, భయపడి అవ్వ ఒళ్లోకి దూరింది.

కొంతసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంక పుయ్యి" అంది. లేచి బయటికి పోలేదు. పాపను పట్టుకుని అక్కడే ఒక పక్కకు జరిగి కూచుంది.

కడిగాను. ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్దాను. లక్క పూత వేశాను. స్పిరిటు ఘాటు గదంతా నిండింది. అది చూస్తుండగానే ఆరిపోతుంది. రెండో పూత వేశాను. దాని మీద గోడంతటికీ సుద్దా జిగురూ కలిపిన అస్తరు పట్టించాను. ఆ జిగురు అత్తే కాచింది. మరునాడు నీలిమందు ఒక చిటికెడు కలిపి పైపూత వేశాను. నేను చేసిన పనుల్లో అంత శుద్ధంగా వచ్చింది మరొకటి లేదు. నూనె మళ్లీ తేలలేదు. ఆరినాక అరచేత్తో తడిమి చూశాను. ఏ చోటో నాకే తెలియలేదు. తేలి ఉంటే బాగుండునని, ఒక్క మూలైనా కనిపిస్తే బాగుండునని, కిటికీ వెలుతురులో అటు వంగి ఇటు వంగి వెతికాను.

ఆ సాయంత్రం పాప అన్నం ముద్ద చేతిలో పట్టుకుని గదిలోకి వచ్చింది. గోడ దగ్గరికి పోయింది. ఒక చోట చెయ్యి పెట్టి చూసింది. ఇంకో చోట పెట్టి చూసింది. కిటికీ దాకా పోయి వెనక్కి వచ్చింది.

"నాయనా, అమ్మ యాడ?" అంది.

అంతకుముందు ఎవరైనా అడిగితే ఇదిగో అని చూపించడానికి నాకొకటి ఉండేది.

అత్త వచ్చి పాప పక్కన చతికిలబడింది. దాని చేతిలోని ముద్ద దాని నోట్లోనే పెట్టింది.

"మీ అమ్మ గోడ కాదు తల్లీ. నా బిడ్డ. నీ అంత ఉన్నప్పుడు ఏమి చేసిందో చెప్తా, ఇంటావా?"

పాప తలూపింది.

"మీ తాత మగ్గం నేస్తావుంటే, కాళ్లు పెట్టుకునే గుంత ఉంటాది చూడు, అందులో దిగి దాంకునింది. మేము వీధి వీధంతా వెతికినాము. ఆడ కూచుని నవ్వుతాండాది…"

నాకు తెలియని సంగతి. నా భార్య నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఇంకా ఎన్నో ఏళ్లున్నాయని అనుకుని ఉంటుంది. నేను పంచలోకి వచ్చి, చీకటిపడేదాకా లోపలి మాటలు వింటూ కూచున్నాను.

ఆ రాత్రి నుంచి అత్త పాపతో పాటు గదిలోనే పడుకునేది. నేను పంచలోకి మారాను. యుద్ధం ముగిసి, పాప బడికి పోయే దాకా ఆమె మా ఇంట్లోనే ఉంది. తర్వాత ఒక ఎండాకాలం కొడుకింటికని ధర్మవరం పోయి, అక్కడే కన్నుమూసింది. అప్పటికి నా బిడ్డకు వాళ్లమ్మ గురించి తెలియంది లేదు. కళ్లారా చూసినట్టే చెప్పేది. నేను నాలుగేళ్లు కాపురం చేసినవాణ్ణి, నా భార్య ఎట్లా నవ్వేదో, దేనికి అలిగేదో, నా కూతురు చెబుతుంటే కూచుని వినేవాణ్ణి.