తెగులు పట్టిన నారు

నా చిన్నప్పుడు, ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడు, దివిసీమలో మా తాతయ్య మళ్ళీ నారు పోశాడు. ఉప్పెన రోజున నేను బందరులో పిన్ని వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి మిగిలాను. అమ్మా నాన్నా పోయారు. చంటి తమ్ముడు దొరకనే లేదు. తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, తాటిచెట్టును వాటేసుకుని బతికాడు. నన్ను తన దగ్గరే ఉంచుకున్నాడు. నేను మాట్లాడటం మానేశాను. పెడితే తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని, అంతే.

పొలమంతా ఉప్పు. కాలువ నీళ్ళు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి కడిగాక, ఎవరో ఇచ్చిన విత్తనాలతో నారుమడి పోశాడు. నారు జానెడైనా లేవకముందే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అగ్గితెగులన్నారు. అది పోతే వేరే విత్తనం లేదు.

అప్పుడే పిన్ని, బాబాయి బందరు నుంచి వచ్చారు. బాబాయి యూరియా బస్తా తెచ్చాడు. "చల్లుదాం మావయ్యగారూ, గబగబా లేస్తుంది" అన్నాడు. పిన్నేమో గట్టు మీద నా భుజాలు పట్టుకుని కుదిపేసింది. "ఎన్నాళ్ళే ఇలా? మాట్లాడవే! నాన్నా, దీన్ని బడిలో వేస్తాను, తీసుకెళ్ళనీ."

తాతయ్య మడిలోకి దిగి ఒక మచ్చల మొక్కను, ఒక మంచి మొక్కను పీకి పిన్ని చేతిలో పెట్టాడు. మచ్చల మొక్కకు వేళ్ళు సగం కూడా లేవు.

"దీని ఓపికంతా తెగులుతో పోట్లాడ్డానికే పోతోందమ్మా. వేళ్ళు పెంచుకోడానికి ఇంకేం మిగులుద్దీ? ఇప్పుడు యూరియా వేస్తే ఆకు మెత్తబడి ఇంకా తొందరగా పోద్ది. పెరగకపోతే పోనీ, ముందు బతకనీ." నా వైపు చూడకుండానే, "పిల్లనీ వదిలెయ్యమ్మా" అన్నాడు.

పిన్ని గట్టు మీద కూలబడి ఏడ్చింది. బాబాయి బస్తా విప్పలేదు.

మాడిన మొక్కల్ని తాతయ్య పీకి తగలబెట్టాడు. మడి ఆరనివ్వలేదు. అయినా సగం నారు చచ్చిపోయింది. మిగిలినది తేరుకుని తెల్లటి కొత్త వేళ్ళు వేశాక ఒక్క మడిచెక్కలో నాటాం. తక్కిన పొలం బీడుగానే ఉండిపోయింది.

ఆ నాట్లలోనే నాకు మాటొచ్చింది. "తమ్ముణ్ణి ఎక్కడెక్కడ వెతికావు తాతయ్యా?" అని అడిగాను. ఆయన నడుం ఎత్తలేదు. నాటుతూనే, తిరిగిన ఒక్కో ఊరి పేరూ, చూసిన ఒక్కో ఒడ్డూ చెప్పాడు. ఏదీ దాచలేదు.

తర్వాత చాలా ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పాను. ఇంట్లో చావు చూసి వచ్చిన పిల్లలు పలక్కుండా కూర్చుంటే, హాజరు వేసి ఊరుకునేదాన్ని. గారాబం చేస్తున్నావని తోటి టీచర్లు అనేవాళ్ళు. కొందరు పిల్లలు ఏడాదంతా ఒక్క ముక్కా నేర్చుకోలేదు. కానీ ఆ ఏడాది రోజూ బడికి వచ్చారు, బతికున్నారు. వాళ్ళను అంతకన్నా ఏం అడగాలో నాకు ఇప్పటికీ తెలీదు.